8 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు వర్చువల్ మెషిన్లు నడుస్తాయా?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, నాలుగు కోర్ల ప్రాసెసర్, విండోస్ 11 హోమ్. పగలు మా తమ్ముడి క్లాసులకు, రాత్రి నా చదువుకు వాడుకుంటాం. లినక్స్ సర్వర్లు, నెట్‌వర్కింగ్ నేర్చుకుందామని వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్లను తయారుచేసే సాఫ్ట్‌వేర్) వేసి, ఉబుంటు అనే లినక్స్ డెస్క్‌టాప్‌తో ఒక మెషిన్ తయారుచేశాను. దాన్నే క్లోన్ చేసి, అంటే అచ్చంగా కాపీ తీసి, రెండోది పెట్టుకున్నాను. ఒక్కోదానికి 3 జీబీ ర్యామ్, 4 సీపీయూలు ఇచ్చాను. మొదటిసారి రెండూ ఎలాగో ఆన్ అయ్యాయి గానీ, రెండింటిలోనూ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషిన్ చిరునామా) 10.0.2.15 అనే ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉందో లేదో చూసే పింగ్ వెళ్ళలేదు. రెండోసారి ఆన్ చేస్తే మౌస్ కూడా కదల్లేదు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాను. అప్పటినుంచి తమ్ముడు "ల్యాప్‌టాప్ పాడుచేశావు అక్కా" అంటున్నాడు. విండోస్ పక్కనే లినక్స్ కూడా వేసి, ఆన్ చేసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకునేలా డ్యుయల్ బూట్ చేసుకోమని ఒకరు, వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్‌కి మారమని ఇంకొకరు, కొత్త ల్యాప్‌టాప్ కొనమని మరొకరు చెబుతున్నారు. వర్చువల్ మెషిన్‌లోకి వైరస్ వస్తే అది విండోస్‌కి కూడా పాకుతుందేమోనన్న భయం ఒకటి. ఏం చేయమంటారు?

— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ తమ్ముడికి ఈ మాట చదివి వినిపించండి. ల్యాప్‌టాప్ పాడవలేదు. ర్యామ్ చాలక ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది, అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం మంచి పద్ధతి కాదు గానీ, ఆ తర్వాత విండోస్ మామూలుగా ఆన్ అయి, అతని క్లాసులు ఎప్పటిలాగే నడుస్తున్నాయి అంటే దిగులు పడాల్సిందేమీ లేదు. దెబ్బ తగిలితే తగిలేది ఆ రెండు ఉబుంటులకే. వాటిలో మీరింకా ఏమీ దాచుకోలేదు కాబట్టి వాటిని తీసేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

వర్చువల్ మెషిన్లు నడిపితే ప్రాసెసర్ దెబ్బతింటుందని కొందరు భయపెడతారు. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ఈ పనికోసమే ప్రాసెసర్లలో ప్రత్యేకమైన ఏర్పాటు పెట్టడం మొదలుపెట్టాయి. మీ ల్యాప్‌టాప్‌లోని చిప్ ఈ పని చేయడానికి తయారైనదే. వేడెక్కుతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఛార్జర్ పెట్టుకుని, గాలి ఆడే చోట బల్లమీద పెట్టి వాడుకుంటే చాలు.

కొత్త ల్యాప్‌టాప్ కొనకండి. మీరు నేర్చుకోవాలనుకున్నదానికి ఇప్పుడున్నది సరిపోతుంది. మీరు వేసిన లెక్కలోనే తేడా ఉంది. ఆ లెక్క చాలామంది అలాగే వేస్తారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపదు.

ఈ రాత్రి ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేసి, మీరు చదువుకునేటప్పుడు రోజూ ఏమేం తెరుస్తారో అవన్నీ తెరవండి. బ్రౌజర్, అందులో మీ ట్యాబులు, పాఠాల పీడీఎఫ్, అన్నీ. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ మీద, తర్వాత మెమరీ మీద నొక్కండి. కింద "అవైలబుల్" అని ఒక అంకె ఉంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆ అంకె 3, 4 దగ్గర ఉంటే అదృష్టమే. ట్యాబులు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. మీ దగ్గర నిజంగా ఖర్చుపెట్టడానికి ఉన్నది అదే, 8 కాదు. అందులోంచి 6 జీబీ ఇవ్వబోయారు. ఇంట్లోవాళ్ళకు కాలు పెట్టే చోటు లేకుండా చుట్టాలకు రెండు గదులు ఇచ్చినట్టయింది.

ర్యామ్ నిండిపోయినప్పుడు విండోస్ ఊరుకోదు. ఇప్పటికిప్పుడు అవసరం లేదనుకున్నవాటిని డిస్క్‌లోని పేజ్ ఫైల్‌లోకి నెట్టేస్తుంది. అవసరం పడగానే వెనక్కి తెస్తుంది. ఒకటి రెండు అయితే మీకు తెలియను కూడా తెలియదు. కానీ రెండు ఉబుంటులూ, విండోస్, బ్రౌజర్ నలుగురూ ఒకేసారి అడిగితే, తెచ్చినదాన్ని వాడుకునేలోపే మళ్ళీ బయటకు నెట్టాల్సి వస్తుంది. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోతుంది, మౌస్ బాణం గెంతులు వేస్తూ కదిలి చివరికి ఆగిపోతుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే. ర్యామ్‌తో పోలిస్తే ఎస్‌ఎస్‌డీ కూడా చాలా నెమ్మది.

సీపీయూల విషయంలోనూ అంతే. నాలుగు కోర్ల ప్రాసెసర్‌ని విండోస్ చాలాసార్లు ఎనిమిదిగా చూపిస్తుంది, ఒక్కో కోర్ రెండు పనుల్ని పట్టుకోగలదు కాబట్టి. అసలున్నవి మాత్రం నాలుగే. చెరో నాలుగూ ఇస్తే విండోస్‌కి తనదంటూ ఏమీ మిగలదు. ఒక్కో మెషిన్‌కి ఒకటి ఇవ్వండి. మీరు చేయబోయే పనికి అది చాలు.

ఇక అసలు మార్పు. మీరు నేర్చుకోవాలనుకున్నది సర్వర్లు. సర్వర్‌కి డెస్క్‌టాప్ ఎందుకు? మీరు వేసిన ఉబుంటు డెస్క్‌టాప్‌లో కిటికీలు, ఐకాన్లు, యానిమేషన్లు గీయడానికే బోలెడు మెమరీ పోతుంది. ఆ మెషిన్లు తీసేసి, డెస్క్‌టాప్ లేని డెబియన్ (ఇదీ ఉబుంటులాగే ఒక లినక్స్) వేయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏమేం కావాలని అడిగే చోట డెస్క్‌టాప్ ముందున్న టిక్ తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ముందు టిక్ పెట్టండి; ఇంకో కంప్యూటర్ నుంచి ఈ మెషిన్‌లోకి వెళ్ళి కమాండ్లు ఇవ్వడానికి పనికొచ్చేది అదే. అలా వేసినది 1 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. రెండు మెషిన్లకూ కలిపి 2 జీబీ. ఇందాక టాస్క్ మేనేజర్‌లో చూసిన అంకెలో ఇది ఇమిడిపోయి, విండోస్‌కి ఊపిరాడేంత మిగులుతుంది. డిస్క్ ఒక్కోదానికి 10 జీబీ చాలు. మొదటిసారి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు తప్ప ఏమీ కనిపించకపోతే కంగారు పడకండి. నిజమైన సర్వర్ దగ్గర కూర్చున్నా మీకు కనిపించేది అదే.

ఇప్పుడు ఆ 10.0.2.15 సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ప్రశ్న, ఎందుకంటే నెట్‌వర్కింగ్ పాఠం అప్పుడే మొదలైపోయింది. చాలామంది ఇది క్లోన్ చేయడం వల్ల వచ్చిందనుకుంటారు. కాదు. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషిన్ చేస్తే నెట్‌వర్క్ దానంతటదే "నాట్" అనే పద్ధతిలో ఉంటుంది. ఈ పద్ధతిలో ప్రతి మెషిన్‌కీ సొంతంగా ఒక చిన్న రూటర్ కట్టి ఇస్తుంది. ఆ రూటర్ వెనక ఉండేది ఆ ఒక్క మెషినే, దానికి వచ్చే అడ్రస్ 10.0.2.15. రెండో మెషిన్‌కి ఇంకో రూటర్, దాని వెనకా అదే అడ్రస్. రెండు వేర్వేరు ఇళ్ళలో రెండింటికీ "ముందు గది" ఉన్నట్టు. ఇద్దరూ ఇంటర్నెట్‌కి వెళ్ళగలరు, కానీ మధ్య గోడ ఉంది కాబట్టి ఒకరినొకరు చూడలేరు. మొదటి మెషిన్‌లో కూర్చుని 10.0.2.15కి పింగ్ కొట్టినా, అది తనను తానే పలకరించుకుంటుంది.

దీనికి మందు రెండో నెట్‌వర్క్ కార్డు. ప్రతి మెషిన్ సెట్టింగ్స్‌లోనూ నెట్‌వర్క్ దగ్గరికి వెళ్ళి, అడాప్టర్ 1 ని నాట్‌గానే ఉంచి, అడాప్టర్ 2 ని ఆన్ చేసి దానికి "హోస్ట్-ఓన్లీ" ఎంచుకోండి. ఈ రెండో కార్డు మీ రెండు మెషిన్లనూ, విండోస్‌నూ ఒకే తీగకి కలిపినట్టు కలుపుతుంది. బయటి ప్రపంచానికి ఈ తీగతో సంబంధం లేదు. మామూలుగా అయితే ఇక్కడ అడ్రస్‌లు 192.168.56.101 నుంచి మొదలవుతాయి. ఒకదానికి 101, ఇంకోదానికి 102 వస్తే పింగ్ వెళ్ళిపోతుంది.

ఒక చోట మాత్రం ఆగిపోతారు, ముందే చెబుతాను. డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక్క కార్డునే అమర్చి వదిలేస్తుంది. లోపలికెళ్ళి చూస్తే మొదటి కార్డు ఈఎన్‌పీ0ఎస్3 అనే పేరుతో అడ్రస్‌తో సహా ఉంటుంది, రెండోది ఈఎన్‌పీ0ఎస్8 అనే పేరుతో అడ్రస్ లేకుండా ఖాళీగా ఉంటుంది. ఏదో చెడిపోయిందనుకోకండి. ఈటీసీ ఫోల్డర్‌లో నెట్‌వర్క్, అందులో ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలు తెరిస్తే మొదటి కార్డు కోసం రాసిన రెండు వరుసలు కనిపిస్తాయి. వాటినే చూసి రెండో కార్డు పేరుతో అలాంటివే ఇంకో రెండు వరుసలు మీ చేత్తో రాయండి. రీబూట్ చేయగానే అడ్రస్ వస్తుంది. నాకు మొదటిసారి ఈ పని అయినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా పుస్తకంలో ఉన్న బొమ్మ ఆ క్షణంలో నిజమైంది.

క్లోన్ మాత్రం ఇప్పుడే వద్దు. రెండో డెబియన్‌ని కూడా మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి, చేయి తిరుగుతుంది. క్లోన్‌లో ఇంకో చిక్కు ఉంది. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలు) కొత్తవి ఇవ్వమని చెప్పడం మర్చిపోతే రెండు మెషిన్లకూ ఒకే మ్యాక్ అడ్రస్ ఉండిపోవచ్చు. అది మార్చినా సరే, ఉబుంటు సర్వర్ లాంటివి ఐపీ అడ్రస్‌లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ దగ్గర తమ మెషిన్ ఐడీని చూపించి అడ్రస్ అడుగుతాయి. క్లోన్‌లో ఆ ఐడీ కూడా అచ్చంగా అదే కావడంతో రెండింటికీ ఒకే అడ్రస్ వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి తెలియక రోజులు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తర్వాతెప్పుడైనా క్లోన్ చేస్తే, కొత్తదానిలో ఈటీసీలోని మెషిన్-ఐడీ ఫైలును ఖాళీ చేసి రీబూట్ చేయండి. ఫైలును తీసేయొద్దు, లోపలున్నది మాత్రమే తీయాలి.

రెండూ ఆన్ అయ్యాక ఆ నల్ల కిటికీలతో కుస్తీ పట్టక్కర్లేదు. విండోస్ 11లోనే ఎస్‌ఎస్‌హెచ్ ఉంటుంది. టెర్మినల్ తెరిచి 101కి ఒక ట్యాబ్, 102కి ఒక ట్యాబ్ పెట్టుకుని పని చేసుకోండి. మెషిన్‌ని స్టార్ట్ చేసేటప్పుడు "హెడ్‌లెస్ స్టార్ట్" ఎంచుకుంటే కిటికీ అసలు తెరుచుకోదు.

మీకు సలహా ఇచ్చినవాళ్ళ మాటలకు వస్తాను. డ్యుయల్ బూట్ మీకు పనికిరాదు. అందులో ఒకసారికి ఒక్క సిస్టమే నడుస్తుంది, మీకు కావలసింది రెండు మెషిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. అది కాకపోయినా, ఇద్దరు వాడుకునే ల్యాప్‌టాప్‌లో పార్టిషన్లు కదపమని నేను చెప్పను. పొరపాటు జరిగితే మర్నాడు ఉదయం క్లాసు పోయేది మీ తమ్ముడికి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో మంచి సాఫ్ట్‌వేరే. 2024 మే నెలలో సొంత వాడకానికి, అదే ఏడాది నవంబరులో అందరికీ ఉచితం చేశారు. కానీ 6 జీబీ అడిగితే అది కూడా ఆ 6 జీబీని మీ ల్యాప్‌టాప్‌లోంచే తీసుకోవాలి. ఇప్పుడు మారి కొత్త మెనూలు నేర్చుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ అని ఇంకొకటి ఉంది, హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది. ఉత్త లినక్స్ కమాండ్లు నేర్చుకోవడానికైతే నేను దాన్నే చెప్పేదాన్ని. కానీ దానిలో రెండు లినక్స్‌లు వేసినా రెండూ ఒకే నెట్‌వర్క్‌ని పంచుకుంటాయి కాబట్టి మీ పాఠానికి కుదరదు.

మెషిన్ నడుస్తున్నప్పుడు కిటికీ కింద కుడివైపు మూలలో చిన్న ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపించవచ్చు. వర్చువల్ మెషిన్లు నడపడానికి విండోస్‌లోనే ఉండే హైపర్-వీని విండోస్ ముందే వాడుకుంటోందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడవాల్సి వస్తోందని దాని అర్థం. కొంత నెమ్మదిస్తుంది. దాన్ని పోగొట్టడానికి విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ ఆపేయమని చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఆపొద్దు. అది మీ ఇద్దరినీ కాపాడే ఏర్పాటు. డెస్క్‌టాప్ లేని రెండు చిన్న సర్వర్లకు ఆ తాబేలు వేగం సరిపోతుంది. ఎప్పుడైనా బయోస్ సెట్టింగులు (విండోస్ కన్నా ముందు నడిచే వాటి సెట్టింగులు) మార్చాల్సి వస్తే మాత్రం, ముందుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూసి, ఉంటే ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకోండి. అలాంటి మార్పు తర్వాత ల్యాప్‌టాప్ ఆ కీ అడిగి, అది దగ్గర లేకపోతే లోపలున్న ఫైళ్ళన్నీ అందకుండా పోతాయి.

ఎప్పటికైనా డబ్బు ఖర్చుపెట్టాలనిపిస్తే ర్యామ్ మీద పెట్టండి. 8 ని 16 చేసుకుంటే దాదాపు కొత్త ల్యాప్‌టాప్ కొన్నట్టే ఉంటుంది. కొన్ని మోడళ్ళలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. కొనే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

స్నాప్‌షాట్ల గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. స్నాప్‌షాట్ అంటే మెషిన్ ఇప్పుడున్న స్థితిని గుర్తుపెట్టుకోవడం. ఏదైనా చెడగొట్టుకుంటే ఆ స్థితికి వెనక్కి వెళ్ళవచ్చు. అద్భుతమైన సౌకర్యం, ధైర్యంగా ప్రయోగాలు చేయడానికి ఇంతకన్నా మంచి తోడు లేదు. నేను కూడా అలాగే మురిసిపోయి ఒక మెషిన్‌కి వరసగా తొమ్మిది తీసుకున్నాను. ఒక రాత్రి డిస్క్ నిండిపోయి మెషిన్ మధ్యలో ఆగిపోయింది. ఫోల్డర్ తెరిచి చూస్తే పొడవాటి అంకెల పేర్లతో పెద్ద పెద్ద ఫైళ్ళు. అన్నిటికన్నా పాతదాన్ని ఎంచుకుని, ఇది ఇంక ఎందుకులే అని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. మర్నాడు మెషిన్ లేవలేదు. మూడు వారాల పని అందులో ఉంది, ఒక్క ఫైలు కూడా తిరిగి రాలేదు.

ఎందుకంటే స్నాప్‌షాట్ తీయగానే పాత డిస్క్ ఫైలు అక్కడికి ఆగిపోతుంది. ఆ తర్వాత రాసే మార్పులన్నీ కొత్త ఫైలులోకి వెళతాయి. ఇంకో స్నాప్‌షాట్ తీస్తే ఇంకో ఫైలు. ప్రతి ఫైలూ తన ముందున్నదాని మీద నిలబడి ఉంటుంది. నేను తీసేసింది అడుగు ఇటుక. కాబట్టి వర్చువల్‌బాక్స్ ఫోల్డర్‌లో ఏ ఫైలునీ చేత్తో తీయకండి. అక్కర్లేని స్నాప్‌షాట్‌ని వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే డిలీట్ చేయండి, అది ఆ మార్పుల్ని పక్క ఫైలులో కలిపి అప్పుడు తీస్తుంది. అలా కలపడానికి కూడా డిస్క్‌లో కొంత ఖాళీ కావాలి, అందుకే పూర్తిగా నిండేదాకా ఆగొద్దు. ఒక మెషిన్‌కి రెండు మూడు స్నాప్‌షాట్లు మించనివ్వకండి. మెషిన్ లోపల ఫైళ్ళు తీసేసినా బయట విండోస్‌లో డిస్క్ ఫైలు సైజు తగ్గదన్నది కూడా గుర్తుంచుకోండి. మీరు రాసుకున్న నోట్స్, కాన్ఫిగరేషన్ ఫైళ్ళు మాత్రం రోజూ బయటికి కాపీ చేసి ఇంకోచోట పెట్టుకోండి. ల్యాప్‌టాప్ డిస్క్ పోతే స్నాప్‌షాట్లూ దానితోపాటే పోతాయి.

వైరస్ భయానికి జవాబు. వర్చువల్ మెషిన్‌కీ విండోస్‌కీ మధ్య ఉన్నది గట్టి గోడే. అయితే షేర్డ్ ఫోల్డర్, షేర్డ్ క్లిప్‌బోర్డ్ లాంటివి ఆ గోడకు మనమే పెట్టుకునే తలుపులు. మీకు అవి అవసరం లేదు, మూసే ఉంచండి. గోడకే పగుళ్ళు దొరికిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2015లో బయటపడిన వెనమ్ అనే లోపం ఫ్లాపీ డ్రైవ్‌ని అనుకరించే పాత కోడ్‌లో ఉంది. ఎవరూ ఫ్లాపీలు వాడని రోజుల్లో కూడా ఆ దారిలో వర్చువల్ మెషిన్‌లోంచి బయటికి రావడం సాధ్యమని తేలింది. వర్చువల్‌బాక్స్‌లోనూ ఆ లోపం ఉండేది, వెంటనే సరిచేశారు. అప్‌డేట్ వచ్చిందని చెబితే వాయిదా వేయకుండా వేసుకోండి. డెబియన్‌ని దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి, ఎవరో తయారుచేసి పంచిన మెషిన్ ఫైళ్ళు జోలికి వెళ్ళొద్దు. వైరస్‌లను తెచ్చి పరీక్షించే సరదా మాత్రం ఈ ల్యాప్‌టాప్‌లో వద్దు. అది మీ ఒక్కరిదే కాదు.

చివరిగా మీ తమ్ముడితో ఒక ఒప్పందం చేసుకోండి. రాత్రి మీ పని అయిపోగానే రెండు మెషిన్లనూ షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్ మూసి ల్యాప్‌టాప్ అప్పగించండి. పని మధ్యలో ఉండగా అతనికి అవసరం పడితే, మెషిన్ కిటికీ మూయబోతే వచ్చే ప్రశ్నలో "సేవ్ ది మెషిన్ స్టేట్" ఎంచుకోవాలని అతనికీ ఒకసారి చూపించండి. హెడ్‌లెస్‌గా నడుస్తుంటే వర్చువల్‌బాక్స్ జాబితాలో మెషిన్ మీద రైట్ క్లిక్ చేస్తే అదే మాట దొరుకుతుంది. కొన్ని సెకన్లు పడుతుంది, ర్యామ్ మొత్తం అతనికి దొరుకుతుంది, రాత్రికి మీరు ఆపిన చోటనే తెరుచుకుంటుంది. 101 నుంచి 102కి పింగ్ వెళ్ళిన రోజు నాకు మళ్ళీ రాయండి, ఆ తర్వాత మూడో మెషిన్‌ని రూటర్‌గా ఎలా పెట్టాలో చెబుతాను.